ఒక సైజు పెద్ద జాకెట్

“గడప దాటావంటే మర్యాదగా ఉండదు,” అన్నారు అత్తగారు.

ఈలరాయుడు బయటే ఆగిపోయాడు. భుజాల మీద మంచు, చేతిలో మందుల పొట్లం. ఎప్పుడూ మెడలో తాడుకి వేలాడే ఈల ఇవాళ లేదు. రైలు యార్డు వాళ్లు తీసేసుకున్నారు.

“బావకి మందులు అత్తయ్యా. మీకిచ్చేసి వెళ్లిపోతాను.”

“ఒక చేత్తో కాలు తీసి, ఇంకో చేత్తో మందులిస్తావా?”

వంటగది గుమ్మంలో సూదమ్మ కదలకుండా నిలబడింది. బట్టలు కుడుతుంది కాబట్టి వీధంతా ఆమెను సూదమ్మ అంటుంది. గుడ్డ ఎలా చిరిగినా అతుకు కనపడకుండా కుట్టగలదని పేరు. తన ఇంట్లో పడ్డ ఈ చిరుగుకి మాత్రం ఆమెకు సూది ఎక్కడ గుచ్చాలో తెలియలేదు. గడప ఇవతల అత్తగారు, అవతల తోడబుట్టిన తమ్ముడు. లోపలి గదిలో మోకాలి కింద ఏమీ మిగలని కాలిని దిండు మీద పెట్టుకుని భర్త.

“నేను ఈల ఊదాను అత్తయ్యా. బావ చెయ్యెత్తాడు. నా కళ్లతో చూశాను. చూశాకే ఆపాను.”

“అయితే నా కొడుకు అబద్ధమాడుతున్నాడంటావ్.”

“నేనలా అనలేదు.”

“ఇంకెలా అంటారు నాయనా? కాస్త నేర్పించు.”

ఈలరాయుడు తల దించుకున్నాడు.

రైలు యార్డులో మాటలు పనికిరావు. పట్టాల మీద గడ్డకట్టిన మంచు గీకేవాడు వంగి ఉంటాడు. కాపలా ఉండేవాడు దూరంగా నిలబడి పట్టాలనే చూస్తుంటాడు. వ్యాగన్ కదిలిందంటే ఈల ఊదాలి. వంగినవాడు వెనక్కి తిరిగి చూడక్కర్లేదు. ఒక చెయ్యి తల పైకెత్తితే చాలు, ‘విన్నాను, తప్పుకుంటున్నాను’ అని అర్థం. ఆ చెయ్యి లేచేదాకా ఈల ఆగకూడదు. లేవకపోతే పరుగెత్తుకెళ్లి మనిషిని లాగెయ్యాలి. వాళ్ల నాన్నల కాలం నుంచీ అదే పద్ధతి.

ఆ రోజు ఎత్తు పట్టాల మీది నుంచి వదిలిన ఖాళీ వ్యాగన్ ఒకటి, ఇంజను లేకుండా, చప్పుడు లేకుండా, మంచులో జారుకుంటూ వచ్చింది. ఈల మోగింది. ఆగింది. మనిషి తప్పుకోలేదు.

“నాకు ఈల వినపడలేదు,” అన్న మాట లోపలి గదిలోంచి వచ్చింది. “వినపడని ఈలకి చెయ్యెందుకెత్తుతాను?”

ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ భర్త అనేది ఈ రెండు మాటలే. కోపంగా అనడు, ఏడుస్తూ అనడు. అప్పజెప్పిన పాఠంలా అంటాడు.

“విన్నావుగా,” అన్నారు అత్తగారు. “ఇక దయచెయ్యి.”

ఈలరాయుడు అక్క వైపు చూశాడు. “ఇవాళ సాయంత్రం విచారణాధికారి ఇక్కడికే వస్తున్నాడక్కా. నన్నూ రమ్మన్నాడు. తప్పెవరిదో ఇవాళే తేల్చేస్తాడట.”

“తేల్చి?”

“నాదైతే నన్ను తీసేస్తారు. ఈల ఊదకుండా మనిషిని చంపబోయాడని పేరు పడితే ఇంకే యార్డూ గేటు లోపలికి రానివ్వదు. నాకొచ్చిన పని ఇదొక్కటే.” మందుల పొట్లం మీది మంచు దులిపాడు. “బావ ఆ రోజు వేసుకున్న జాకెట్ తీసి ఉంచమన్నాడా అధికారి. బూట్లు కూడా.”

“బూటు,” అన్నారు అత్తగారు. “ఒక్కటే ఉంది. అది చాలా?”

మందుల పొట్లం గడప మీద పెట్టి అతను మెట్లు దిగిపోయాడు. సూదమ్మ మాత్రం ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది.

జాకెట్.

భర్త మందు వేసుకుని నిద్రలోకి జారేదాకా అత్తగారు ఆగారు. తరవాత వంగి, మంచం కింద చెయ్యి పెట్టి, ఒక మూట బయటికి లాగారు. సూదమ్మ దాన్ని పాత దుప్పట్ల వెనక్కి తోసి, అక్కడ ఎవరూ చూడరనుకుంది.

“వంటింట్లోకి రా,” అన్నారు.

బల్ల మీద జాకెట్ పరిచి, వెనక కుట్టిన టోపీని లోపలి వైపుకి తిప్పారు. చెవులు వచ్చే చోట రెండు వైపులా మందపాటి ఉన్ని గుడ్డ, రెండు పొరలు వేసి కుట్టి ఉంది. సన్నటి కుట్టు. అచ్చు గుద్దినట్టు ఒకే కొలత.

“కంపెనీ కుట్టు కాదిది. ఎవరిదో చెప్పక్కర్లేదు.”

“నాదే,” అంది సూదమ్మ.

“ఎప్పటినుంచి తెలుసు నీకు?”

“ఆసుపత్రిలో జాకెట్ చేతికిచ్చినప్పటి నుంచి. ఇంటికి తెచ్చి, వేసుకుని, టోపీ తల మీదికి లాక్కుని, ఆ పొయ్యి దగ్గర నిలబడ్డాను. నీళ్లు మరిగి కెటిల్ ఈల వేసింది. ఆవిరి కనిపించింది గానీ ఈల వినపడలేదు.”

అత్తగారు కుర్చీలో కూలబడ్డారు. “అంటే మీ తమ్ముడు ఊదాడు.”

“ఊదాడు.”

“నా కొడుక్కి వినపడలేదు.”

“వినపడలేదు.”

“మరి చెయ్యి?”

వినని మనిషి చెయ్యెలా ఎత్తుతాడు? ఎత్తని చెయ్యి తమ్ముడికెలా కనపడుతుంది? ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారు. ఎవరైనా ఆమె వాళ్లే.

ఆ జాకెట్ కొన్న రోజు ఆమెకు బాగా గుర్తుంది. చలి అప్పుడే మొదలైంది. దుకాణంలో రెండు రకాలు వేలాడుతున్నాయి. ఒకటి కాలరుది. పట్టాల మీద పనిచేసేవాళ్ల కోసమే కుట్టింది. వీపు భాగం పొడుగు, వంగినా నడుము బయటపడదు. జిప్పుకి పెద్ద కొక్కెం, చేతి తొడుగు తియ్యకుండానే లాగొచ్చు. రెండోది టోపీది. సరుకు ఎత్తి దించే వాళ్లది.

భర్త కాలరుది వేసుకుని, దుకాణం మధ్యలో గొంతుక్కూర్చుని లేచాడు. “ఇది చాలు. తల మీదికి అల్లిన టోపీ ఒకటుంటే సరి.”

“కిందటేడు చెవిపోటుతో మీరు మూలుగుతుంటే విన్నది నేను,” అంది ఆమె. “టోపీది తీసుకోండి.”

“చెవులు మూసుకుంటే ఈల ఎట్లా వినపడుతుందే?”

“మా తమ్ముడి ఈలకి చచ్చినవాళ్లు కూడా లేచి కూర్చుంటారు.”

భర్త నవ్వాడు. ఆ నవ్వుతోనే ఆమె పంతం నెగ్గింది. లోపల స్వెటర్ పట్టాలని ఒక సైజు పెద్దది కూడా ఆమే ఎంచింది. ఇంటికొచ్చాక, టోపీ గుడ్డలోంచి గాలి దూరుతోందని ఉన్ని వేసి కుట్టింది. యార్డులో ఎవరూ అడగలేదు. జాకెట్ రంగు దూరానికి కనిపిస్తే చాలు వాళ్లకి.

“చెప్పేద్దామత్తయ్యా,” అంది ఇప్పుడు. “కుట్టింది నేనని చెప్పేస్తాను.”

“చెప్పు. చెప్తే వాళ్లేమంటారో కూడా విను. పట్టాల మీద పనికి వేసుకోకూడని జాకెట్ వేసుకున్నాడు, దానికి చెవులు మూసే గుడ్డ వేయించుకున్నాడు, తప్పంతా వాడిదే అంటారు. కాలు పోయినవాడికి యార్డు దీపాలు బాగుచేసే గదిలో కూర్చుని చేసే పని ఇస్తామన్నారు. అది ఇవ్వరు. ఈ ఇల్లు యార్డుది. ఇదీ ఉండనివ్వరు. అప్పుడు నీ మొగుణ్ణి ఏ మెట్ల మీద కూర్చోబెడతావు?”

“తమ్ముడి గతి?”

“వాడికి రెండు కాళ్లున్నాయి.”

తన మాట తనకే నచ్చనట్టు అత్తగారి మొహం ముడుచుకుపోయింది. అయినా వెనక్కి తీసుకోలేదు. లేచి శాలువా కప్పుకున్నారు. “అదే దుకాణం. అదే జాకెట్. ఉన్ని లేనిది. పద, వాడు లేచేలోపు వచ్చేద్దాం.”

సూదమ్మ కాదని ఉండాల్సింది. బూట్లు తొడుక్కుంది.

దుకాణావిడ కౌంటరు వెనక ముక్కు తుడుచుకుంటూ కూర్చుని ఉంది. నోటికి మాత్రం జలుబు చెయ్యలేదు.

“రండి రండి. చలికాలంలోనే నా మొహం అందరికీ గుర్తొస్తుంది. ఎవరికమ్మా జాకెట్?”

“మగవాళ్లకి,” అన్నారు అత్తగారు.

“మగవాళ్లలో చాలా రకాలున్నారు. ఏం పని?”

“పని.”

“కూర్చునే పనా, నిలబడే పనా, వంగే పనా? జాకెట్ కొనడమంటే పెళ్లి సంబంధం చూసినట్టమ్మా. వెచ్చగా ఉంటే సరిపోదు, రోజూ పొద్దున్నే దానితో బయటికి పోవాలి. వంగే పనికైతే ఈ కాలరుది తీసుకెళ్లండి. ఈ ఏడు ఇంకా బాగా కుట్టారు. చంకలో చూడండి, రెండో పట్టీ వేశారు, చెయ్యి తిప్పినా పట్టెయ్యదు.”

“అది,” అని అత్తగారు టోపీ ఉన్నదాన్ని చూపించారు. “అదే కావాలి.”

“మీ ఇష్టం. సైజు?”

అత్తగారు కోడలి వైపు చూశారు. సూదమ్మకు కొలత నోటికొచ్చు. చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. చివరికి చెప్పింది.

“అంత పెద్దదా? మీ ఇద్దర్నీ చూస్తే మీ ఇంట్లో అంత భారీ మనిషి ఉన్నాడనిపించడం లేదు.”

“లోపల స్వెటర్ పట్టాలి,” అంది సూదమ్మ. కిందటిసారి కూడా సరిగ్గా ఇదే మాట, ఇక్కడే నిలబడి, ఎంత తెలివైనదాన్నో అన్న ధీమాతో అంది.

“వేసుకుని చూడమ్మా మరి. మడత పడి ఉంది ఇన్నాళ్లూ, జిప్పు పడుతుందో లేదో.”

సూదమ్మ వేసుకుంది. బరువుగా, వెచ్చగా ఉంది. టోపీ తల మీదికి లాక్కుంది. దుకాణంలో ముందొక అద్దం, ఎదురుగా తలుపు పక్కన ఇంకొకటి. అత్తగారు తలుపు దగ్గరికి వెళ్లి, వీధిలో తెలిసినవాళ్లెవరైనా చూస్తున్నారేమోనని తొంగి చూస్తున్నారు.

“వంగి చూడు,” అంది దుకాణావిడ. “పని చేసేటప్పుడు వంగుతారుగా.”

ఆమె వంగింది. టోపీ ముందుకి జారి కళ్లు కప్పేసింది. ఏమీ కనపడలేదు. ఆమె ఏమీ ఆలోచించకుండానే చెయ్యి పైకి తీసి, నుదుటి మీద టోపీ అంచు పట్టుకుని వెనక్కి లాగింది.

“వస్తున్నా ఉండు,” అన్నారు అత్తగారు తలుపు దగ్గర నుంచి. “చెయ్యెత్తి పిలుస్తావేం అందరి ముందూ?”

సూదమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

“నేను పిలవలేదు,” అంది.

“పిలవకపోతే ఎత్తడం ఎందుకు?”

సూదమ్మ వంగే ఉండి, ముందున్న అద్దంలోకి చూసింది. అందులో తలుపు పక్కనున్న అద్దం, ఆ అద్దంలో తన వీపు. వెనక నుంచి చూస్తే మొహం లేదు, కళ్ల మీద పడ్డ టోపీ లేదు. వంగిన ఒక జాకెట్, దాని తల పైకి లేచిన ఒక చెయ్యి. అంతే కనపడుతోంది.

అదే సమయానికి ఈల మోగి ఉంటే?



భర్త అబద్ధమాడలేదు. తమ్ముడూ అబద్ధమాడలేదు. ఈల విననివాడు టోపీ సర్దుకున్నాడు. ఊదినవాడు చెయ్యి చూశాడు. ఉన్ని ఈలని ఆపింది. ఒక సైజు పెద్ద టోపీ చెయ్యిని లేపింది. రెండూ ఆమె ఎంపికే. ఉన్ని తప్పొక్కటే చేసి ఉంటే, చెయ్యి లేవనందుకు తమ్ముడు పరుగెత్తుకొచ్చి బావని లాగేసేవాడు. ఆమె రెండు చేసింది.

“సరిపోయిందా అమ్మా?” అంది దుకాణావిడ.

“సరిపోయింది,” అంది సూదమ్మ.

దారిలో అత్తగారు ముందు నడిచారు. సూదమ్మ రెండుసార్లు “అత్తయ్యా” అని పిలిచింది. రెండుసార్లూ ఆమె వెనక్కి తిరిగి “ఏం?” అన్నారు. రెండుసార్లూ “ఏం లేదు” అంది.

ఇంటి వెనక మెట్ల మీద అత్తగారు కొత్త జాకెట్‌ని నేల మీద పడేసి కాళ్లతో తొక్కారు. తలుపు మడత బందుల కోసం పెట్టుకున్న గ్రీజు మోచేతులకి రాశారు. జేబుల అంచులు ఇటుకకేసి రుద్దారు. అరవై దాటిన మనిషి, రొప్పుతూ, చెమట తుడుచుకుంటూ, కొడుకు కోసం ఒక అబద్ధాన్ని పాతది చేస్తున్నారు.

“చూస్తూ నిలబడకు. ఆ మెడ దగ్గర నువ్వు చెయ్యి. మాసినట్టు ఉండాలి. గుడ్డ సంగతి నీకు తెలిసినట్టు నాకు తెలీదు.”

సూదమ్మ కూర్చుని మెడ పట్టీని మాపింది. చేతులు చక్కగా పనిచేశాయి. అదే ఆమెను భయపెట్టింది.

లోపల భర్త మేలుకుని ఉన్నాడు. “ఎక్కడికెళ్లారు?”

“బజారుకి.”

“అమ్మ కూడానా? మంచులో?”

“ఊఁ.”

అతను కిటికీ వైపు చూస్తున్నాడు. ఆమె దిండు సర్దింది. దుప్పటి సర్దింది. సర్దాల్సినవి అయిపోయాక అడిగింది.

“ఆ జాకెట్ టోపీ... పని చేస్తుంటే కళ్ల మీద పడుతుండేదా మీకు?”

కిటికీ అద్దం మీద ఆవిరి పట్టి, బయట ఏమీ కనపడటం లేదు. అయినా అక్కడే చూస్తున్నాడు.

“ఏ టోపీ అయినా పడుతుంది,” అన్నాడు.

“పడితే ఏం చేసేవారు?”

“నీళ్లివ్వు. గొంతు ఎండిపోతోంది.”

ఆమె నీళ్లిచ్చింది. అతను గ్లాసు అందుకున్నాడు గానీ తాగలేదు.

దీపాలు పెట్టే వేళకి విచారణాధికారి వచ్చాడు. పెద్ద తల, పెద్ద పొట్ట, మెత్తటి గొంతు. బూట్లు గుమ్మం బయట విడిచి, మేజోళ్లతో లోపలికి వచ్చి, మంచం పక్కన స్టూలు మీద సర్దుకుని కూర్చున్నాడు. అతని వెనకే ఈలరాయుడు వచ్చి గోడకి ఆనుకున్నాడు. ఈసారి అత్తగారు గడప సంగతి ఎత్తలేదు.

“ఎక్కువ సేపు ఇబ్బంది పెట్టను,” అన్నాడు అధికారి. “జాకెట్ చూపిస్తారా?”

అత్తగారే తెచ్చి ఇచ్చారు. అతను దాన్ని ఒళ్లో పెట్టుకుని, చేతులు చూశాడు, జేబులు చూశాడు, టోపీని లోపలికి తిప్పి చూశాడు. పల్చటి నూలు అస్తరు. అంతకు మించి ఏమీ లేదు.

“పెద్దగా పాడవలేదే.”

“దెబ్బ కాలికి తగిలింది బాబూ, జాకెట్‌కి కాదు,” అన్నారు అత్తగారు.

“నిజమే, నిజమే.” అతను లేచి జాకెట్ తొడుక్కున్నాడు. టోపీ తల మీదికి లాక్కున్నాడు. ఆ పెద్ద తలకి అది కొలిచి కుట్టినట్టు పట్టేసింది. కళ్ల మీద పడలేదు. సంచిలోంచి ఒక ఈల తీసి ఈలరాయుడికి అందించాడు. “నీదే. ఆ రోజు ఎంత దూరంలో ఉన్నావో వీధిలో అంత దూరం వెళ్లి ఊదు. నేను వెనక్కి తిరిగి నిలబడతాను.”

ఈలరాయుడు ఈల తీసుకుని వెళ్లాడు. వాడి అడుగుల చప్పుడు వీధి చివరిదాకా వెళ్లి ఆగింది. అత్తగారు గోడ వైపు చూస్తున్నారు. భర్త కళ్లు మూసుకున్నాడు. సూదమ్మ తలుపు పక్కన చెక్కని పట్టుకుంది.

ఈల మోగింది. పక్కింటి కుక్క మొరిగింది. అధికారి ఒక చెయ్యి తల పైకెత్తాడు.

“శుభ్రంగా వినపడింది,” అన్నాడు టోపీ తీసేస్తూ.

ఈలరాయుడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. మొహంలో ఆశ. “వినపడింది కదండీ? నేను చెప్పలేదా?”

“వినపడింది. అదే చిక్కు. ఇంత బాగా వినపడే ఈల నువ్వు ఆ రోజు ఊది ఉంటే మీ బావకి వినపడాలి.”

“గాలి ఉందండీ ఆ రోజు.”

“నువ్వున్న వైపు నుంచే వీచింది. వినపడటానికి ఇంకా మంచిది.”

ఈలరాయుడు చేతిలో ఈలని అటూ ఇటూ తిప్పి చూశాడు, అది కూడా తనమీదే సాక్ష్యం చెప్పినట్టు.

“బావా,” అన్నాడు చివరికి. “నువ్వు చెయ్యెత్తలేదా?”

భర్త కళ్లు తెరవలేదు. “వినపడని ఈలకి చెయ్యెందుకెత్తుతాను?”

“నేను చూశానే. ఇన్నాళ్లూ నిద్రలో కూడా అదే చూస్తున్నాను. నీ చెయ్యి పైకి లేస్తుంది, నేను ఈల తీసేస్తాను.” అతను అక్క వైపు తిరిగాడు. “కళ్లు లేనిది కల్పించి చూపిస్తాయా అక్కా? అలా ఉంటుందా?”

చిన్నప్పుడు వాడు ఏదైనా పగలగొడితే నేరుగా సూదమ్మ దగ్గరికే వచ్చేవాడు, ‘నేను కాదు కదక్కా’ అని అడగడానికి. ఆమె కాదంటే కాదు. అవునంటే అవును. ఇప్పుడూ వాడు అదే అడుగుతున్నాడు.

“చలికి చేతులు కొంకర్లు పోయి ఉన్నాయి,” అన్నాడు ఈలరాయుడు, తనలో తను లెక్క తేల్చుకుంటున్నట్టు. “ఊదుదామనుకుని ఊదలేదేమో. ఊదాననుకున్నానేమో. బావ అబద్ధమాడే మనిషి కాదు. అది నాకూ తెలుసు, యార్డుకీ తెలుసు. ఇంక మిగిలింది నేనే.” ఈలని స్టూలు మీద పెట్టాడు. “రాసుకోండి సార్. ఆయన చెయ్యెత్తలేదు. నేనే పొరపడ్డాను.”

“ఆలోచించి చెప్తున్నావా?”

“చెప్తున్నాను.”

అత్తగారు శాలువా కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. గెలిచిన మనిషి మొహం కాదది. అధికారి జేబులోంచి కలం తీశాడు.

“ఎత్తారు,” అంది సూదమ్మ.

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. అత్తగారి చెయ్యి ఆమె మోచేతిని పట్టుకుంది. ఆమె విడిపించుకుంది.

“మా ఆయన చెయ్యెత్తారు. మా తమ్ముడు ఈల ఊదాడు. వాడు చూసింది నిజం.”

“ఇదేం మాటే,” అన్నారు అత్తగారు సన్నగా. “వీడికి మతి పోయిందనుకుంటే దీనికీ పోయిందా?”

అధికారి కలం మూయలేదు. జాలిగానే అడిగాడు. “మీరు ఆ రోజు యార్డులో లేరు కదమ్మా. మీకెలా తెలుసు?”

సూదమ్మ ఊపిరి పీల్చుకుంది. మొదటి మాట నాలుక చివర ఉంది.

“చెప్పకు,” అన్నాడు భర్త.

అందరూ మంచం వైపు తిరిగారు. అతను మోచేతుల మీద లేచి కూర్చున్నాడు. ఇప్పుడు కళ్లు బాగా తెరిచే ఉన్నాయి. అవి అధికారిని చూడటం లేదు, తల్లిని చూడటం లేదు; ఉన్ని కుట్టిన సూదమ్మ చేతుల మీదే ఉన్నాయి.

దుకాణం అద్దంలో ఏం చూసిందో సూదమ్మ ఇంతవరకూ ఎవ్వరికీ చెప్పలేదు. ఏం చెప్పకూడదో అతనికెలా తెలిసింది?